పీటర్సన్ వెర్రి గోపురం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రయోజనం కనిపించని కట్టడాన్ని చూచినప్పుడు జనం దానికొక కథను కల్పిస్తారు. తరతరాలుగా నోటి మాటగా నిలిచిన అటువంటి కథను ఐతిహ్యం అంటాం. ఐతిహ్యాన్ని ఉన్నది ఉన్నట్లు నమ్మడమూ, పుక్కిటి పురాణమని తోసివేయడమూ రెండూ తొందరపాటే. దానిని ఎట్లా పరీక్షించాలో, అది చెప్పిన సంగతులతో పాటు చెప్పకుండా విడిచిన సంగతులను ఎట్లా గుర్తించాలో ఇంగ్లండులోని ఒక గ్రామీణ గోపురం ఆధారంగా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఇంగ్లండు దేశపు దక్షిణ తీరాన హాంప్‌షైర్ అనే ప్రాంతం ఉన్నది. పదకొండవ శతాబ్దంలో నార్మన్ రాజైన విలియం తన వేట వినోదం కోసం అక్కడ ఒక అడవిని ప్రత్యేకించాడు. దానికి 'న్యూ ఫారెస్ట్' అని పేరు. పేరులో 'కొత్త' అనే మాట ఉన్నా ఆ అడవి వయస్సు తొమ్మిది వందల సంవత్సరాల పైమాటే. ఓక్, బీచ్ వృక్షాల గుంపులు, వాటి నడుమ గడ్డి బయళ్ళు, ఆ బయళ్ళలో స్వేచ్ఛగా తిరిగే పొట్టి గుర్రాలు అక్కడి ప్రకృతికి అలంకారాలు. ఆ అడవి దక్షిణపు అంచున స్వే అనే చిన్న గ్రామం ఉన్నది.

ఆ గ్రామ పరిసరాలలో పొలాల మధ్య, చెట్ల తలలను దాటి, బూడిద రంగు గోపురం ఒకటి ఆకాశంలోకి లేచి కనిపిస్తుంది. దాని ఎత్తు 218 అడుగులు, అనగా సుమారు 66 మీటర్లు. మన చార్మినార్ కంటె ఎత్తయినది. ఢిల్లీలోని కుతుబ్ మీనార్ కంటె కొద్దిగా పొట్టిది. చుట్టుప్రక్కల కోట లేదు. అది కోట బురుజు కాదు. ప్రార్థనకు గంట మ్రోగించే చర్చి శిఖరమూ కాదు. సముద్రానికి దగ్గరగా ఉన్నా ఓడలకు దారి చూపే దీపస్తంభమూ కాదు. మరి ఏమిటని అడిగితే, చరిత్ర గ్రంథాలు "పీటర్సన్ గోపురం" అంటాయి. ఊరివారు మాత్రం "పీటర్సన్ ఫాలీ" అన్నారు.

ఈ 'ఫాలీ' అనే పదం ఆలోచింపదగినది. ఆంగ్లంలో దీనికి తెలివితక్కువతనం, వెర్రి అని అర్థాలు. ఫ్రెంచి భాషలో వెర్రిని తెలిపే పదం నుండి ఇది పుట్టింది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండు జమీందారులు తమ ఎస్టేట్లలో ముచ్చటకొద్దీ గోపురాలు, కూలిన కోటలను పోలిన గోడలు, పిరమిడ్లు కట్టించేవారు. వాటిలో నివాసం లేదు, పూజ లేదు, వ్యాపారం లేదు. అందువల్ల ధనవంతుని వెర్రికి గుర్తులుగా వాటిని జనం 'ఫాలీలు' అన్నారు. తెలుగులో మనం వాటిని 'వెర్రి కట్టడాలు' అనవచ్చు. ఒక కట్టడాన్ని వెర్రి అని పిలవడం అంటే దాని ప్రయోజనాన్ని గూర్చి తీర్పు చెప్పడమే. ఆ తీర్పు న్యాయమైనదేనా అనే ప్రశ్న ఈ పాఠం చివరి వరకు మనతో వస్తుంది.

ఈ గోపురాన్ని కట్టించినవాడు ఆండ్రూ థామస్ టర్టన్ పీటర్సన్. ఆయన 1813లో జన్మించాడు. న్యాయశాస్త్రం అభ్యసించి భారతదేశానికి వచ్చి కలకత్తాలో న్యాయవాదిగా పేరు, ధనం గడించాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళిన తరువాత స్వే గ్రామం వద్ద ఎస్టేటు కొని స్థిరపడ్డాడు. కలకత్తా న్యాయస్థానాలతో ఆయనకున్న సంబంధం వల్ల గ్రామస్థులు ఆయనను 'జడ్జి పీటర్సన్' అని పిలిచేవారు. 1879లో మొదలైన గోపుర నిర్మాణం 1885లో ముగిసింది. భారతదేశంలో తాను చూచిన ఎత్తైన కట్టడాల ఛాయలు ఆయన మనస్సులో ఉన్నాయనీ, ఈ గోపురపు రూపానికి అవే ప్రేరణ అనీ చెబుతారు.

నిర్మాణ విధానమే ఈ గోపురపు గొప్ప విశేషం. దీనిని రాతితో గాని ఇటుకతో గాని కట్టలేదు. పోర్ట్‌లాండ్ సిమెంటుతో కలిపిన కాంక్రీటును అచ్చులలో పోసి, అది గట్టిపడిన తరువాత అచ్చును పైకి జరిపి, మరల పోస్తూ అంచెలంచెలుగా లేపారు. నేటి భవనాలలో కాంక్రీటు లోపల ఇనుప కడ్డీలు ఉంటాయి. కాంక్రీటు బరువును మోయగలదు గాని లాగుడును ఓర్చలేదు; ఆ లోటును ఇనుము తీరుస్తుంది. స్వే గోపురంలో కిటికీల దగ్గర తప్ప ఇనుము ఆధారం లేదు. ఇనుప కడ్డీలు లేని కాంక్రీటు కట్టడాలలో ప్రపంచంలో అత్యున్నతమైనదిగా దానికి ఖ్యాతి ఉన్నది.

ఇక ఐతిహ్యాల సంగతి చూద్దాం. ఈ గోపురం ఎందుకు లేచిందనే ప్రశ్నకు జనోక్తి మూడు కథలు చెబుతుంది.

మొదటి కథ ప్రకారం గోపురానికి నమూనా ఇచ్చినవాడు బ్రతికి ఉన్న మనిషి కాదు. లండన్ నగరంలో సెయింట్ పాల్ చర్చిని నిర్మించిన మహాశిల్పి సర్ క్రిస్టఫర్ రెన్ ఆత్మ ఒక మాధ్యమం ద్వారా పీటర్సన్‌తో సంభాషించి, ఈ గోపురాన్ని ఎట్లా కట్టాలో చెప్పిందట. రెన్ 1723లోనే మరణించాడు. అంటే గోపురానికి పునాది పడే నాటికి ఆయన కన్ను మూసి నూట యాభై ఆరు సంవత్సరాలు.

రెండవ కథ సమాధికి సంబంధించినది. పీటర్సన్ తన సమాధి కోసమే గోపురాన్ని కట్టించాడనీ, దాని కొనపై ఎన్నటికీ ఆరని దీపం ఉంచదలచాడనీ, ప్రభుత్వం దానిని వెలగనీయలేదనీ ఆ కథ చెబుతుంది.

మూడవ కథ అన్నానికి సంబంధించినది. పనిలేక పస్తులున్న కూలీల కోసం ఆయన ఈ పని పెట్టించాడనీ, గోపురం ఒక మిష మాత్రమేననీ దాని సారాంశం.

ఒకే కట్టడానికి మూడు కారణాలు చెప్పినప్పుడు విద్యార్థి ఏమి చేయాలి? తనకు నచ్చిన కథను ఎన్నుకోవడం పరిశోధన అనిపించుకోదు. ప్రతి కథను వేరుగా తీసుకొని, దానిని నిలిపే ఆధారం ఏమిటో, కూల్చే ఆధారం ఏమిటో చూడాలి.

మొదటి కథను ఊరివారు ఊరకే పుట్టించలేదు. పీటర్సన్‌కు ఆత్మలతో సంభాషణ సాధ్యమనే విశ్వాసం నిజంగానే ఉండేది. ఆ కాలంలో ఇంగ్లండులో చదువుకున్నవారు సైతం ప్రేతావాహన గోష్ఠులలో పాల్గొనేవారు. కనుక పీటర్సన్ అట్లా నమ్మాడన్నంతవరకు కథ చరిత్రకు దగ్గరగానే ఉన్నది. కాని రెన్ చెప్పిన పద్ధతిలోనే గోపురం లేచిందనే మాటకు పరీక్ష అవసరం. పోర్ట్‌లాండ్ సిమెంటుకు జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే ఆయన హక్కుపత్రం పొందినది 1824లో. రెన్ మరణించిన నూరేళ్ళకు పుట్టిన పదార్థం అది. ఆయన జీవితంలో ఏనాడూ దానిని తాకి ఎరుగడు. మరి ఆ పదార్థపు గుణదోషాలు ఎవరికి తెలుసు? పీటర్సన్‌కు తెలుసు. ఆయన తన ఎస్టేటులో మొదట గోడలు, పశువుల పాకల వంటి చిన్న కట్టడాలను కాంక్రీటుతో కట్టించి చూచాడు. పెద్ద గోపురానికి సమీపంలో ముందుగా ఒక చిన్న గోపురాన్ని లేపి పరీక్షించాడు. ఆ చిన్న గోపురం నేటికీ అక్కడ ఉన్నది. దీనిని బట్టి నిర్మాణ రహస్యం పరలోకం నుండి దిగిరాలేదనీ, అంచెలంచెలుగా చేసిన ప్రయోగాల నుండి వచ్చిందనీ తేటపడుతున్నది. ఇక్కడ అద్భుతం శ్రమను కప్పివేసింది.

అయితే పీటర్సన్ రెన్ పేరు ఎందుకు చెప్పుకొన్నాడు? మన సాహిత్యం చదివినవారికి దీని మర్మం గ్రహించడం కష్టం కాదు. మన ప్రాచీన కవులు తమ కావ్యానికి దైవాజ్ఞను మూలంగా చెప్పుకొన్న సందర్భాలు ఉన్నాయి. శ్రీకాకుళ క్షేత్రంలో ఆంధ్రమహావిష్ణువు స్వప్నంలో సాక్షాత్కరించి ఆదేశించగా 'ఆముక్తమాల్యద' రచించినట్లు శ్రీకృష్ణదేవరాయలు చెప్పుకొన్నాడు. కలలో ఆజ్ఞ అందినా, కావ్యం వెనుక ఉన్నది రాయల పాండిత్యమూ పరిశ్రమా. పెద్ద పనికి పూనుకొన్నవాడు తనకంటె పెద్ద పేరును అండగా తెచ్చుకోవడం మానవ స్వభావం. గోడలకు, పునాదులకు తప్ప పనికిరాదని పలువురు తలచిన పదార్థంతో ఆకాశానికి గోపురం లేపదలచిన పీటర్సన్‌కు ఇంగ్లండులోని శిల్పులలో అగ్రగణ్యుని పేరు ఊతమైంది. కనుక ఈ కథ గోపురాన్ని గూర్చి తప్పు చెప్పినా, మనిషిని గూర్చి నిజమే చెప్పింది.

రెండవ కథలో సత్యం పాలు ఎక్కువ. సమాధిగా ఉపయోగపడాలన్నది ఆయన సంకల్పాలలో ఒకటి. కొనపై దీపం పెట్టాలన్నదీ నిజమే. గోపురానికి దక్షిణాన ప్రధాన భూభాగానికీ వైట్ ద్వీపానికీ మధ్య సోలెంట్ అనే జలసంధి ఉన్నది. రాత్రివేళ భూభాగం మీద అంత ఎత్తున దీపం కనిపిస్తే నావికులు దానిని దీపస్తంభంగా పొరబడి దారి తప్పగలరని ఇంగ్లండు దీపస్తంభాలపై అధికారం కల 'ట్రినిటీ హౌస్' సంస్థ అనుమతి నిరాకరించింది. పీటర్సన్ 1906లో తన తొంభై మూడవ ఏట మరణించాడు. ఆయన చితాభస్మాన్ని గోపురంలో ఉంచారు. కాని అది శాశ్వతంగా అక్కడ నిలవలేదు. 1957లో దానిని స్వే గ్రామపు చర్చి ప్రాంగణంలో ఆయన భార్య సమాధి చెంతకు చేర్చారు. సమాధి కోసం కట్టిన గోపురం చివరకు సమాధిగా మిగలలేదు. ఈ ముగింపును కలపకపోతే రెండవ కథ సగం కథే అవుతుంది.

మూడవ కథ మరింత శ్రద్ధగా చూడదగినది. 1870వ దశకం చివర ఇంగ్లండు వ్యవసాయం దెబ్బతిన్నది. వరుసగా పంటలు పాడయ్యాయి. 1879లో ఎడతెగని వానలు కోతకు వచ్చిన పైరును నాశనం చేశాయి. అమెరికా నుండి చౌక ధాన్యం ఓడలలో వచ్చిపడటంతో ధరలు పెరగలేదు. పండని రైతు కూలిని పిలవడు. పిలుపు లేని కూలి ఇంట పొయ్యి వెలగదు. సరిగ్గా ఆ సంవత్సరమే స్వేలో గోపురానికి పని మొదలైంది. స్థానికులైన నిరుద్యోగులకు పని కల్పించడం పీటర్సన్ ఉద్దేశాలలో ఒకటి. కాంక్రీటు పని కూడా దానికి అనుకూలించింది. రాతిని చెక్కడానికి ఏండ్ల శిక్షణ కావాలి; గులకరాళ్ళను సిమెంటుతో కలిపి అచ్చులలో పోయడం పొలం కూలి కూడా కొద్దిరోజులలో నేర్వగలడు.

కరువు కాలంలో కట్టడం మొదలుపెట్టడం ఒక్క పీటర్సన్‌కే తట్టిన ఆలోచన కాదు. 1740లో ఐర్లండులో భయంకరమైన మంచు కురిసి పంటలు నశించాయి. ఆ కష్టకాలంలో క్యాథరిన్ కొనోలీ అనే జమీందారిణి తన ఎస్టేటు పరిసరాలలో 140 అడుగుల ఎత్తున తోరణాలపై తోరణాలు నిలిపి ఒక స్తంభాన్ని కట్టించింది. పేదలకు పని చూపడమే దాని ప్రయోజనం. దానికీ 'కొనోలీ ఫాలీ' అనే పేరు పడింది. మన దేశంలో 1784లో కరువు వచ్చినప్పుడు అవధ్ నవాబు అసఫుద్దౌలా లక్నోలో బడా ఇమాంబాడా నిర్మాణం చేపట్టాడు. పగలు సామాన్యులు కట్టిన గోడలను రాత్రి ఉన్నత కుటుంబాలవారు పడగొట్టేవారనీ, పని అడగడానికి సిగ్గుపడే ఆ కుటుంబాల పరువు చీకటిలో దక్కేదనీ అక్కడ ఒక కథ ఉన్నది. అది అక్షరాలా జరిగిందని చూపే ఆధారం కంటె ఆ కథలోని భావం గట్టిది. కట్టడం పూర్తి కావడం కంటె పని నడవడం ముఖ్యమని జనం అర్థం చేసుకొన్నారు. భిక్షగా కాక కూలిగా అందిన అన్నం మనిషి తలను వంచదని కూడా అర్థం చేసుకొన్నారు.

ఐతిహ్యాలను పరీక్షించే మార్గం ఒక్కొక్కసారి చాలా సులభంగా దొరుకుతుంది. ఇంగ్లండులోనే సస్సెక్స్ ప్రాంతంలో బ్రైట్లింగ్ అనే గ్రామం ఉన్నది. అక్కడి జమీందారు జాన్ ఫుల్లర్ (1757–1834) వెర్రి కట్టడాలకు ప్రసిద్ధుడు. ఆయన లండన్‌లో మిత్రులతో తన ఇంటి నుండి డాలింగ్టన్ చర్చి శిఖరం కనిపిస్తుందని పందెం కట్టాడట. ఇంటికి వచ్చి చూస్తే కొండ అడ్డు వచ్చి శిఖరం కనిపించలేదట. పందెం ఓడటం ఇష్టం లేక రాత్రికి రాత్రే కొండ మీద శిఖరం ఆకారంలో 35 అడుగుల శంకువును కట్టించాడట. చక్కెరను శంకువు ఆకారపు దిమ్మలుగా అమ్మే కాలమది. అందుచేత దానికి 'చక్కెర దిమ్మ' అనే అర్థం వచ్చే పేరు నిలిచింది. అదే ఫుల్లర్ 1811లో తాను బ్రతికి ఉండగానే చర్చి ఆవరణలో తన సమాధిగా ఒక పిరమిడ్ కట్టించుకొన్నాడు. పొడవు టోపీ పెట్టుకొని, బల్ల ముందు కూర్చొన్న భంగిమలో, ఎదుట కాల్చిన కోడి, ద్రాక్షసారాయి సీసాతో ఆయనను లోపల ఉంచారని తరతరాలుగా చెప్పుకొన్నారు. 1982లో మరమ్మతుల కోసం పిరమిడ్‌ను తెరిచి చూశారు. బల్ల లేదు, టోపీ లేదు, కోడి లేదు. అందరివలెనే ఆయనను నేల అడుగున పూడ్చిపెట్టారు. నూటయాభై ఏండ్లు నిలిచిన కథను ఒక్క తలుపు పరీక్షించింది.

ఫుల్లర్ కథలలో నవ్వించే సంగతులు చాలా ఉన్నాయి. కాని ఆ కథలలో లేని సంగతి ఒకటి ఉన్నది. ఆయన సంపదలో ఒక భాగం వెస్టిండీస్‌లోని జమైకా ద్వీపంలో ఆఫ్రికా బానిసలు శ్రమించిన చెరకు తోటల నుండి వచ్చింది. పార్లమెంటు సభ్యుడుగా ఆయన బానిసత్వాన్ని సమర్థించాడు. చక్కెర దిమ్మ పేరు గల గోపురాన్ని చూచి నవ్వేవారికి ఆ చక్కెర ఎవరి చెమటతో పండిందో కథ చెప్పదు. ఐతిహ్యం ధనవంతుని చేష్టను మరువదు; ధనం వచ్చిన దారిని మరచిపోతుంది. అందుచేత కథ చెప్పేది వినాలి; చెప్పనిది అడగాలి.

ఈ సూత్రంతో మరల స్వే గోపురం దగ్గరకు వద్దాం. దాని మూడు కథలలోనూ పీటర్సన్ ధనార్జన ఊసు లేదు. ఆ ధనం కలకత్తాలో న్యాయవాద వృత్తి ద్వారా వచ్చింది. అది అన్యాయార్జితమని మనం అనరాదు. ఒక వ్యక్తి మీద ఆధారం లేని నింద మోపడం కూడా ఒక కల్పిత కథే అవుతుంది. కాని వలస పాలనలో భారతదేశంలో ఆర్జించిన ధనం ఇంగ్లండులో ఖర్చుకావడం వ్యక్తికి మించిన చరిత్ర. స్వే కూలీల పొయ్యి వెలిగించిన ఆ ధనంలో ఈ దేశపు కక్షిదారులు చెల్లించిన రూపాయలు కూడా ఉన్నాయని మరువరాదు.

గోపురానికి పునాది పడటానికి కొద్దిగా ముందు ఈ దేశంలో ఏమి జరుగుతున్నదో చూడండి. 1876లో వానలు కురవలేదు. ధాత నామ సంవత్సరంలో మొదలైన ఆ కరువు 1878 వరకు దక్షిణ భారతాన్ని పీడించింది. మద్రాసు రాజధానిలోని బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు దాని వాతపడ్డాయి. బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాలలో యాభై లక్షలకు పైగా మరణించారని చరిత్రకారుల అంచనా. ప్రభుత్వం రహదారులు, కాలువలు, చెరువుల వంటి కరువు పనులు చేపట్టింది. అవి నిస్సందేహంగా ప్రయోజనకరమైన పనులు. అయితే 1877లో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించే పేరుతో కూలిని కోసివేశాడు. రోజంతా శ్రమించిన పురుషునికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఇది శ్రమించే శరీరానికి చాలదనీ, కనీసం పౌనున్నర ధాన్యంతో పాటు పప్పు, కూరగాయలు కావాలనీ మద్రాసు ఆరోగ్య శాఖాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని వారాల తరువాత కూలి కొంత పెరిగింది. అప్పటికే ఆ కొలతకు బలైనవారు తిరిగి రాలేదు.

ఇప్పుడు 'వెర్రి' అనే మాటను మరల తూచి చూద్దాం. ఎవరికీ అవసరం లేని గోపురం కట్టించి కూలీలకు పని చూపినవానిని లోకం వెర్రివాడన్నది. అందరికీ అవసరమైన రహదారి వేయిస్తూ, దానిని వేసే మనిషి ఆకలిబాధను తక్కెడలో పెట్టి గింజలు తగ్గించిన పాలనకు మితవ్యయం అనే గౌరవప్రదమైన పేరు దొరికింది. రహదారి ఉపయోగకరమే, గోపురం నిరుపయోగమే. కాని కట్టిన వస్తువును మాత్రమే కొలిచి, కట్టిన మనిషిని కొలవకపోతే ఆ లెక్క సగం లెక్క. పనికి విలువ దాని ఫలితం వలన ఎంత వస్తుందో, అది శ్రామికుని ఇంటికి చేర్చిన అన్నం వలన కూడా అంత వస్తుంది.

స్వే గోపురం ఇప్పటికీ నిలిచి ఉన్నది. ఇంగ్లండు ప్రభుత్వం దానిని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది. ఇనుము లేని కాంక్రీటు నిలవగలదని చూపదలచిన పీటర్సన్ ప్రయోగం నూట నలభై ఏండ్ల గాలివానలకు ఓర్చి తన సమాధానం తాను చెప్పింది. కొనమీద దీపం వెలగలేదు. సమాధి అక్కడ లేదు. రెన్ ఆత్మ సంగతి విశ్వాసానికి సంబంధించినది. కూలి దొరికిన మనుషుల పేర్లను మాత్రం ఏ కథా చెప్పదు.

మన నేలపైనా ఇటువంటి కథలకు కొదవ లేదు. కర్నూలులోని కొండారెడ్డి బురుజు నుండి తుంగభద్ర అడుగున గద్వాల కోటకు సొరంగం ఉన్నదని చెప్పుకొంటారు. మీ ఊరిలోనూ ఒక బురుజో, పాడుబడిన మండపమో, ఎవరు తవ్వించారో తెలియని బావో ఉంటుంది. దానికొక కథ ఉంటుంది. ఆ కథను పెద్దలను అడిగి వ్రాసుకొనండి. తరువాత దాని క్రింద మూడు ప్రశ్నలు వేసుకొనండి. ఈ కథలో ఏది పరీక్షకు నిలుస్తుంది? దీనికి ధనం ఎక్కడి నుండి వచ్చింది? దీనిని ఎవరు మోశారు, వారికి ఏమి దక్కింది? మొదటి ప్రశ్న మిమ్మల్ని చరిత్రకు చేరుస్తుంది. తక్కిన రెండూ న్యాయానికి చేరుస్తాయి.

కఠిన పదాలు – అర్థాలు

ఐతిహ్యం = పరంపరగా వచ్చిన మాట, జనశ్రుతి
పుక్కిటి పురాణం = ఆధారం లేని కట్టుకథ
జనోక్తి = జనులు చెప్పుకొనే మాట
మిష = నెపం, సాకు
మాధ్యమం = ఆత్మల మాటను తన ద్వారా పలికిస్తానని చెప్పే వ్యక్తి
ప్రేతావాహన = మరణించినవారి ఆత్మలను పిలవడం
చితాభస్మం = దహనం తరువాత మిగిలిన బూడిద
జలసంధి = రెండు భూభాగాల మధ్యగల ఇరుకైన సముద్ర భాగం
శంకువు = అడుగున గుండ్రంగా ఉండి పైకి మొనదేలిన ఆకారం
కక్షిదారు = న్యాయస్థానంలో వ్యాజ్యం నడిపే వ్యక్తి
మితవ్యయం = తక్కువగా ఖర్చు చేయడం, పొదుపు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. స్వే గోపురాన్ని గూర్చిన మూడు ఐతిహ్యాలను వివరించి, వాటిలోని సత్యాసత్యాలను పాఠం ఆధారంగా పరిశీలించండి.
2. 'వెర్రి' అనే మాటకు పాఠ్యరచయిత చెప్పిన కొత్త కొలతను ఇంగ్లండు, దక్షిణ భారత ఉదాహరణలతో చర్చించండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. గోపురంపై దీపానికి అనుమతి ఎందుకు లభించలేదు?
2. క్రిస్టఫర్ రెన్ కథను సిమెంటు చరిత్ర ఏ విధంగా పరీక్షించింది?
3. జాన్ ఫుల్లర్ సమాధిని గూర్చిన కథ ఎట్లా వీగిపోయింది?
4. టెంపుల్ నిర్ణయించిన కూలిని కార్నిష్ ఎందుకు వ్యతిరేకించాడు?

సందర్భసహిత వ్యాఖ్యలు

1. "అద్భుతం శ్రమను కప్పివేసింది."
2. "కథ చెప్పేది వినాలి, చెప్పనిది అడగాలి."
3. "కట్టిన మనిషిని కొలవకపోతే ఆ లెక్క సగం లెక్క."

వ్యాకరణాంశాలు

సంధులు
అత్యున్నతం = అతి + ఉన్నతం – యణాదేశ సంధి
ప్రేతావాహన = ప్రేత + ఆవాహన – సవర్ణదీర్ఘ సంధి
జనోక్తి = జన + ఉక్తి – గుణ సంధి
నిరుపయోగం = నిః + ఉపయోగం – విసర్గ సంధి
ఏమిటని = ఏమిటి + అని – ఇకార సంధి

సమాసాలు
మూడు కథలు = మూడైన కథలు – ద్విగు సమాసం
గుణదోషాలు = గుణమూ, దోషమూ – ద్వంద్వ సమాసం
ఆకలిబాధ = ఆకలి వలన బాధ – పంచమీ తత్పురుష సమాసం
గోపుర నిర్మాణం = గోపురం యొక్క నిర్మాణం – షష్ఠీ తత్పురుష సమాసం